బెరడు చుట్టూ పోయినా మామిడి ఆకు పచ్చగానే ఉంది. చెట్టు బతుకుతుందా?

పెరటిమామిడి
మా పెరటి ప్రహరీ వానలకు కూలిపోయింది. మళ్లీ కట్టించేలోపు పక్క ఖాళీ స్థలంలో మేపే మేకలు లోపలికి వచ్చి, ఇప్పుడిప్పుడే కాపుకు వచ్చిన బంగినపల్లి అంటుకు నేలనుంచి మూరెడు ఎత్తున మాను చుట్టూ బెరడు కొరికి తినేశాయి. జానెడు వెడల్పున కర్ర బయటపడింది, వేలెడంత బెరడు కూడా ఎక్కడా మిగల్లేదు. మేకల యజమానిని అడిగితే, చెట్టు నిక్షేపంలా ఉంది కదా, గొడవ దేనికని నన్నే ఎదురు ప్రశ్నించాడు. నిజానికి ఇది జరిగి నెల దాటినా ఒక్క ఆకు వాడలేదు. నర్సరీ అతను మాత్రం ఈ చెట్టు మీద ఆశ వదులుకోమంటున్నాడు. చెట్టుకు నీరూ ఎరువూ వేళ్లనుంచే కదా అందేది? ఆ దారి తెగితే ఈపాటికి ఆకులు రాలిపోవాలి. తెగకపోతే చెట్టు ఎందుకు చావాలి? ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు.

నల్లరేగడి
నెల రోజులు ఎండకు నిలబడిన చెట్టుకు ఇక భయం లేదని నా అభిప్రాయం. మా గట్టు మీద వేపకు ఇలాగే ఎడ్లు రాసుకుని సగం మేర బెరడు పోయింది. కొన్నేళ్లలో రెండు అంచులూ కలిసిపోయాయి. నర్సరీవారికి కొత్త మొక్క అమ్ముకోవాలని ఉంటుంది కదా.

పంతులమ్మ_బోటనీ
నల్లరేగడి గారూ, సగం బెరడు పోవడానికీ చుట్టూ పోవడానికీ పోలిక లేదు. మీ వేపలో మిగిలిన సగం బెరడు గుండా ఆకుల ఆహారం కిందికి చేరింది, అందుకే గాయం పూడింది.

చెట్టులో రెండు వేర్వేరు దారులు ఉన్నాయి. వేళ్లు పీల్చిన నీరూ అందులో కరిగిన లవణాలూ కర్ర భాగం గుండా, అంటే దారువు గుండా, పైకి వెళతాయి. ఆకులు ఎండలో తయారుచేసిన చక్కెర బెరడు లోపలివైపు అంటుకుని ఉండే పల్చటి పొర గుండా, అంటే పోషక కణజాలం గుండా, పెరిగే చిగుళ్లకూ కాయలకూ వేళ్లకూ వెళుతుంది. మేకలు తిన్నది ఈ రెండో దారిని. మొదటి దారి చెక్కు చెదరలేదు కాబట్టి ఆకులకు నీరు అందుతూనే ఉంది, అవి పచ్చగానే ఉన్నాయి. ఆకలితో ఉన్నవి వేళ్లు. వాటిలో పూర్వం దాచుకున్న పిండిపదార్థం ఉన్నంతకాలం కొత్త పీచువేళ్లు వేస్తాయి, నీరు పీలుస్తాయి. అది అయిపోయాక వేళ్లు చచ్చిపోతాయి, ఆ తరవాతే ఆకులు వాడతాయి. చెట్టు వయసునూ నిల్వనూ బట్టి దీనికి కొన్ని నెలలు పట్టవచ్చు, ఏడాది దాటవచ్చు కూడా.

17వ శతాబ్దంలోనే ఇటలీ శాస్త్రవేత్త మార్సెల్లో మాల్పీఘీ చెట్ల బెరడును వలయంగా ఒలిచి, వలయానికి పై అంచు ఉబ్బుతుందని గమనించాడు. కిందికి రావలసినది అక్కడ ఆగిపోతోంది. పెరటిమామిడి గారు ఒకసారి తమ చెట్టు అంచులు చూసి చెప్పగలరా?

పెరటిమామిడి
ఇప్పుడే వెళ్లి చూశాను. పై అంచు చుట్టూ చిటికెనవేలి లావున గుండ్రంగా ఉబ్బి, లేత ఆకుపచ్చగా ఉంది. కింది అంచు ఎండి, కర్రకు బిగుసుకుపోయింది. మరొక సంగతి కూడా కనిపించింది. గాయానికి కింద, మట్టికి బెత్తెడు ఎత్తున, రెండు కొత్త చిగుళ్లు వచ్చాయి.

అంటుకత్తి
నర్సరీవాడినే కాబట్టి నల్లరేగడి గారి చురకకు జవాబు చెప్పవలసి ఉంది. మేము గాలి అంటు కట్టేటప్పుడు చేసేది అచ్చంగా ఆ మేకలు చేసిన పనే. దానిమ్మ, నిమ్మ, జామ కొమ్మలకు సుమారు అంగుళం వెడల్పున చుట్టూ బెరడు ఒలిచి, తడి నాచు చుట్టి పాలిథీన్ కాగితంతో కట్టేస్తాం. కొన్ని వారాలకు వేళ్లు వస్తాయి, అవి ఎప్పుడూ పై అంచునుంచే వస్తాయి. కింది అంచునుంచి రావడం నేను చూడలేదు. వేళ్లు వచ్చేదాకా ఆ కొమ్మ ఆకులు వాడవు, ఎందుకంటే కర్ర కోయలేదు. కత్తి లోతుగా దిగి కర్ర తెగితే మాత్రం కొమ్మ రెండు మూడు రోజుల్లోనే వేలాడిపోతుంది. కొత్తగా పనిలో చేరినవారి చేతుల్లో జరిగేది అదే.

ఇంకొక హెచ్చరిక. ఈ చెట్టుకు వచ్చే సీజనులో పూత విరగబూస్తే ఎవరూ మురిసిపోవద్దు. కిందికి పోలేని చక్కెర అంతా కొమ్మల్లోనే ఉండిపోతుంది కాబట్టి పూత, కాయ బాగా రావచ్చు. విత్తనం లేని ద్రాక్షలో పండు సైజు పెరగడానికి తీగ బెరడును కావాలనే సన్నని వలయంగా తీసే రైతులు ఉన్నారు. అయితే అక్కడ తీసేది కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే, కొన్ని వారాల్లో పూడిపోతుంది. జానెడు గాయం పూడదు.

వట్టిశ్రోత
అంటే మేకల యజమాని ఆ పూత చూసి కూలి అడిగినా అడుగుతాడు.

బోరుమోటారు
చక్కెర సంగతి అలా ఉంచితే, నీటి సంగతే నాకు మింగుడుపడడం లేదు. మోటార్లు బిగించడం నా వృత్తి. గట్టు మీద పెట్టిన సెంట్రిఫ్యూగల్ పంపు ఎంత గొప్ప కంపెనీదైనా కిందినుంచి నీటిని ఏడెనిమిది మీటర్లకు మించి లాగలేదు. లెక్క ప్రకారం చూసినా 10.3 మీటర్లే హద్దు, ఎందుకంటే లాగుతున్నది మోటారు కాదు, బయటి గాలి పీడనం నీటిని నెడుతోంది. అందుకే బావుల్లో నీరు దిగిపోతున్న కొద్దీ రైతులు మోటారును లోపల గట్లు తవ్వి దించుకుంటూ పోయేవారు, చివరికి అందరూ సబ్‌మెర్సిబుల్‌కు మారారు. మరి 30 మీటర్ల టేకు చివరి ఆకుకు నీరు ఎలా చేరుతోంది? కింద నెట్టే మోటారు లేదు, పైనుంచి లాగితే పది మీటర్లకే ఆగిపోవాలి.

నల్లరేగడి
వేళ్లే నెడతాయి. తెల్లవారుజామున వరి మళ్లోకి వెళ్లి చూడండి, ప్రతి ఆకు కొనమీదా ఒక నీటి బొట్టు నిలబడి ఉంటుంది. అది మంచు కాదు, ఎందుకంటే ఆకు మిగతా భాగం పొడిగా ఉన్న రోజున కూడా కొనమీద బొట్టు ఉంటుంది. చేమ ఆకుల అంచులకు కూడా అంతే. ద్రాక్ష తీగను కత్తిరించాక కొన్ని రోజులు కోసిన చోట నీరు కారుతుంది. కింద పంపు లేకుండా ఇవన్నీ ఎలా జరుగుతాయి?

పంతులమ్మ_బోటనీ
నల్లరేగడి గారు చెప్పిన మూడు ఉదాహరణలూ నిజమైనవే. దానిని వేరు పీడనం అంటారు. వేరు కణాలు లవణాలను లోపలి నాళాల్లోకి పంపితే, వాటి వెంట ద్రవాభిసరణ వల్ల, అంటే లవణం ఎక్కువున్న వైపుకు కణపొరల గుండా నీరు చొరబడడం వల్ల, నీరు చేరి పీడనం పెరుగుతుంది. ద్రాక్ష తీగలో ఆ పీడనాన్ని గొట్టం బిగించి కొలిచిన ఇంగ్లండు పరిశోధకుడు స్టీఫెన్ హేల్స్ 1727లోనే వివరాలు ప్రచురించాడు. కానీ రెండు చిక్కులు ఉన్నాయి. ఈ పీడనం సాధారణంగా ఒకటి రెండు వాతావరణ పీడనాలకు మించదు, చాలా చెట్లలో అసలే కనిపించదు. పైగా అది ఆకుల్లోనుంచి నీరు పెద్దగా ఆవిరి కాని రాత్రిపూట పనిచేస్తుంది. చెట్టుకు నీరు ఎక్కువగా కావలసిన మిట్టమధ్యాహ్నం ఆ నాళాల్లో ఉండేది నెట్టుడు కాదు, లాగుడు. అప్పుడు మాను ఎంత బిగుసుకుంటుందంటే, సున్నితమైన పరికరంతో కొలిస్తే దాని చుట్టుకొలత పగలు కొద్దిగా తగ్గి రాత్రి మళ్లీ పెరుగుతున్నట్లు తెలుస్తుంది. కింద పంపు నెడుతూ ఉంటే పగలు ఉబ్బాలి కదా.

బోరుమోటారు
సరే, లాగుడే అనుకుందాం. అప్పుడు నా పది మీటర్ల ప్రశ్న అలాగే నిలబడి ఉంది.

పంతులమ్మ_బోటనీ
పంపులో నీటి స్తంభం పది మీటర్ల దగ్గర ఎందుకు తెగుతుందో చూడండి. పైభాగంలో పీడనం పడిపోగానే నీటిలోని గాలి, పైపు గోడలమీది గాలి బుడగలు పెద్దవవుతాయి, నీరు ఆవిరవుతుంది, ఖాళీ ఏర్పడుతుంది. బుడగ పుట్టే అవకాశమే లేకపోతే నీటి అణువులు ఒకదానినొకటి వదలవు. వాటిమధ్య హైడ్రోజన్ బంధాలు ఉన్నాయి, నాళం గోడలను కూడా అవి గట్టిగా పట్టుకుంటాయి. అప్పుడు నీటి పీడనం సున్నాకన్నా కిందికి దిగినా, అంటే నీరు రెండు వైపులా సాగదీయబడుతున్నా, స్తంభం తెగదు. మీ పంపు గాలి నెట్టే నెట్టుడు మీద ఆధారపడింది, చెట్టు నీటికి ఉన్న ఈ గట్టిదనం మీద ఆధారపడింది. డబ్లిన్‌లో పనిచేసిన హెన్రీ డిక్సన్, జాన్ జోలీ 1894లో ఈ వివరణను ముందుకు తెచ్చారు.

ఇక లాగేది ఎవరన్న ప్రశ్న. ఆకు లోపలి కణాల గోడలు తడిగా ఉంటాయి, వాటిలో నానోమీటర్లలో కొలవవలసినంత సన్నని రంధ్రాలు ఉంటాయి. పత్రరంధ్రాల గుండా ఆవిరి బయటికి పోతున్న కొద్దీ ఆ సన్నని రంధ్రాల్లో నీటి తలం లోపలికి వంగుతుంది, తలతన్యత దానిని తిరిగి చదునుగా చేయాలని చూస్తూ వెనుకనున్న నీటిని లాగుతుంది. రంధ్రం ఎంత సన్ననైతే లాగుడు అంత ఎక్కువ. కర్రలోని నాళం మాత్రమే కేశనాళికగా, అంటే నీటిని తనంతట పైకి పీల్చుకునే సన్నని గొట్టంగా, పనిచేస్తే 50 మైక్రోమీటర్ల వ్యాసం ఉన్న నాళంలో నీరు ఒక గజం కూడా ఎక్కదు, అర మీటరు దాటి ఆగిపోతుంది. నాళం దారి మాత్రమే, బలమంతా ఆకు గోడల్లోని ఆ రంధ్రాలది, అందుకు అయ్యే శక్తి సూర్యుడిది. వేళ్లు పీల్చిన నీటిలో నూటికి 95 వంతులకు పైగా ఇలా ఆవిరి కావడానికే పోతుంది.

అంటుకత్తి
చదువుకునే రోజుల్లో జగదీశ్ చంద్ర బోస్ పేరు కూడా ఈ పాఠంలో ఉండేది. కాండంలోని జీవకణాలు కొట్టుకుంటూ నీటిని పైకి పంపుతాయని ఆయన 1923లో ప్రతిపాదించినట్లు గుర్తు. మన దేశపు శాస్త్రవేత్త మాటను ఇంత తేలికగా తీసిపారేయడం న్యాయమా?

పంతులమ్మ_బోటనీ
బోస్ గారి ప్రతిపాదన పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది, ఆయన తయారుచేసిన సున్నితమైన పరికరాలను ఎవరూ తక్కువ చేయలేరు. కానీ దేశాన్ని బట్టి కాక ప్రయోగాన్ని బట్టి తేల్చుకోవలసిన విషయం ఇది. జర్మనీలో ఎడ్వర్డ్ ష్ట్రాస్‌బుర్గర్ 1890ల్లో 20 మీటర్లు దాటిన చెట్లను మొదలు దగ్గర కోసి, కోసిన చివరలను విషద్రావణాల్లో నిలబెట్టాడు. విషం దారిలోని జీవకణాలను చంపుకుంటూ పైదాకా ఎక్కింది, ఆ తరవాత కూడా నీరు ఎక్కుతూనే ఉంది. ఆకులు చచ్చాకనే ఆగింది. కొట్టుకోవడానికి జీవకణమే లేనప్పుడు నీరు ఎక్కిందంటే, ఎక్కించేది ఆ కణాలు కావు. నీటిని మోసే దారునాళాలు కూడా పని మొదలుపెట్టే సమయానికి చచ్చిన కణాలే, లోపల పదార్థమంతా పోయి గోడలు మాత్రమే మిగిలిన గొట్టాలు.

బోరుమోటారు
చచ్చిన గొట్టాలతో 30 మీటర్లు. నా బిల్లులో కరెంటు ఖర్చు రాయడానికి సిగ్గుగా ఉంది. ఈ లాగుడును ఎవరైనా కొలిచారా, లేక ఊహేనా?

పంతులమ్మ_బోటనీ
కొలిచారు. అమెరికాలో పెర్ షోలాండర్ బృందం 1965లో ప్రచురించిన పద్ధతి చాలా సరళమైనది. కొమ్మను కోయగానే సాగి ఉన్న నీరు నాళంలో వెనక్కి జారుకుంటుంది. ఆ కొమ్మను ఆకులతో సహా ఒక గట్టి డబ్బాలో పెట్టి, కోసిన కొన మాత్రం బయటికి ఉంచి, లోపల వాయు పీడనం పెంచుతారు. కోసిన చోట నీరు మళ్లీ కనిపించే పీడనం ఎంతో, కొమ్మలో అంతకుముందు ఉన్న లాగుడు సుమారుగా అంత. ఈ ఉపకరణాన్ని ఇప్పుడు తోటల్లో నీటి తడులు నిర్ణయించడానికి కూడా వాడుతున్నారు.

దీనితో కొలిస్తేనే మడ చెట్ల రహస్యం కూడా తెలిసింది. కోరింగ వంటి చోట్ల ఉప్పునీటిలో నిలబడిన మడ చెట్టు మంచినీటిని వేరు చేసుకోవాలంటే సముద్రపు నీటి ద్రవాభిసరణ పీడనాన్ని, అంటే సుమారు 25 వాతావరణ పీడనాలను, మించి లాగాలి. కొలిచిన అంకెలు అంతకన్నా ఎక్కువే వచ్చాయి. కాలిఫోర్నియాలో 115 మీటర్లు దాటిన రెడ్‌వుడ్ చెట్టు ఉంది. అలాంటి చెట్ల కొసల్లో కొలతలు తీసుకున్న పరిశోధకులు 2004లో చెట్టు ఎత్తుకు 122 నుంచి 130 మీటర్ల మధ్య హద్దు ఉంటుందని లెక్క కట్టారు. అంతకు మించితే లాగుడు మరీ ఎక్కువై చివరి ఆకులు సరిగా పెరగవు.

నల్లరేగడి
వేరు పీడనం సంగతిలో పంతులమ్మ గారి వాదన ఒప్పుకుంటున్నాను. అయితే ఆకు వాడడాన్ని గురించి నేను చెప్పదలచినది వేరే ఉంది. మా కంది చేలో ఎండు తెగులు వస్తే నేలలో తడి ఉన్నా మొక్క నిలువునా వాడిపోతుంది. కాండాన్ని నిలువుగా చీల్చి చూస్తే కర్రలో గోధుమరంగు, నలుపు చారలు కనిపిస్తాయి. టమాటాలో బ్యాక్టీరియా వల్ల వచ్చే వాడు తెగులుకు ఇంకొక పరీక్ష ఉంది. వాడిన మొక్క కాండాన్ని కోసి గాజు గ్లాసులోని మంచినీటిలో వేలాడదీస్తే, కొద్ది నిమిషాల్లో కోసిన చోటునుంచి పాలవంటి తెల్లని ధార సన్నగా కిందికి దిగుతుంది. అక్కడ పూడుకుపోయింది నీటి దారి, అందుకే ఆకు వెంటనే వాడింది. పెరటిమామిడి గారి చెట్టులో మూసుకున్నది చక్కెర దారి కాబట్టి ఆకు ఇంకా వాడలేదు. నేను ఆకును చూసి ధైర్యం చెప్పిన మాట ఇక్కడ చెల్లదు.

మోకుముస్తాదు
మా ఇంట్లో తరతరాలుగా తాడి, ఈత గీస్తున్నాం. కల్లు ఈ రెండు దారుల్లో దేనినుంచి వస్తుందో చెప్పండి. మా పెద్దలు వేరు తాగిన నీళ్లే పైకెక్కి తీపి అవుతాయని అంటారు. పోతుతాడి గెలలను కొన్ని రోజులు నొక్కి మెత్తబరిచి కట్టి, కొనను కత్తితో పల్చగా చెక్కి లొట్టి తగిలిస్తాం. పొద్దునా సాయంత్రం ఎక్కి మళ్లీ ఒక పల్చటి పొర చెక్కాలి. పండగకు ఊరెళ్లి చెక్కడం మానేస్తే ధార ఆగిపోతుంది. కోసిన చోటు తెరుచుకునే ఉంటుంది, చెట్టులో కల్లు ఉంటుంది, అయినా ఎందుకు ఆగుతుంది?

పంతులమ్మ_బోటనీ
ఈ చర్చలో ఇంతకన్నా మంచి ప్రశ్న రాలేదు. నీరాలో 10 శాతానికి పైగా చక్కెర ఉంటుంది, దాదాపు అంతా సుక్రోజే. వేళ్లనుంచి వచ్చే నీటిలో అంత చక్కెర ఉండదు. మీ లొట్టిలో పడేది పోషక కణజాలపు రసం. ఆకులు తయారుచేసినదీ మానులో నిల్వ ఉన్నదీ పూతకోసం గెలకు చేరుతుంది, దానిని మీరు మధ్యలో అందుకుంటున్నారు.

ఆగిపోవడానికి కారణం ఆ దారి జీవమున్నది కావడం. చక్కెర వెళ్లే చాలనీ నాళాలు జల్లెడ రంధ్రాలున్న అడ్డుగోడలతో ఒకదానిపై ఒకటి పేర్చిన బతికిన కణాలు. వాటికి కేంద్రకం ఉండదు, పక్కనున్న సహకణాలు వాటిని పోషిస్తాయి. గాయమైతే ఆ జల్లెడ రంధ్రాలమీద కాలోజ్ అనే పదార్థం పేరుకుని, మాంసకృత్తులు కూడా అడ్డుపడి, నాళం మూసుకుపోతుంది. చక్కెర వృథాగా కారిపోకుండా మొక్క చేసుకున్న ఏర్పాటు ఇది. మీ కత్తి ప్రతి పూటా ఆ మూతపడిన పొరను తీసేసి తెరిచి ఉన్న నాళాన్ని బయటపెడుతోంది. పొర పల్చగా ఉండాలని మీ పెద్దలు నేర్పింది కూడా ఇందుకే, మందంగా చెక్కితే గెల తొందరగా అయిపోతుంది.

మోకుముస్తాదు
పల్చగా చెక్కమని మా నాన్న ఎన్నిసార్లు తిట్టాడో లెక్కలేదు. కారణం మాత్రం ఇవాళ తెలిసింది. ఇంకొక అనుమానం. ఈత చెట్టుకు గెల కాదు, మొవ్వు దగ్గర మానునే చెక్కుతాం. ఏటా ఒకసారి ఈ పక్క, మరుసటి ఏడు ఆ పక్క గీస్తాం, పాత ఈతలమీద ఆ గంట్లు వంకరటింకర మెట్లలా చివరిదాకా కనిపిస్తాయి. అన్ని గాయాలతోనూ ఈత బతుకుతోంది. మామిడి ఒక్క జానెడుకే పోతుందా?

పంతులమ్మ_బోటనీ
తాడి, ఈత, కొబ్బరి ఏకదళబీజాలు. వాటిలో మామిడిలోలా కర్ర లోపల, చక్కెర పొర చుట్టూ అన్న ఏర్పాటు లేదు. నీటి నాళమూ చక్కెర నాళమూ జతగా ఉన్న కట్టలు మానంతటా చెల్లాచెదురుగా ఉంటాయి. ఒక పక్క గంటు పెడితే అక్కడి కట్టలే తెగుతాయి, మిగతావి పనిచేస్తాయి. చుట్టూ పైపొర తీసినా అంతే. దీనికి మరో పక్క కూడా ఉంది. మామిడిలో విభాజ్య పొర ఏటా కొత్త నాళాలను తయారుచేస్తుంది, తాడిలో ఆ పొర లేదు. మీ తాత నాటిన తాడి మొదలు దగ్గర ఉన్న చాలనీ నాళాలు అప్పటినుంచి ఇప్పటిదాకా అవే బతికి పనిచేస్తున్నాయి. కేంద్రకం లేని కణాలు దశాబ్దాలపాటు అలా నిలబడడం వృక్షప్రపంచంలోనే వింత.

బోరుమోటారు
నీరు లాగుడు వల్ల వెళితే, ఈ చక్కెర నీరు దేనివల్ల వెళుతుంది? ఇది కూడా లాగుడేనా?

పంతులమ్మ_బోటనీ
ఇది నెట్టుడు. జర్మనీకి చెందిన ఎర్నస్ట్ ముంచ్ 1930లో చెప్పిన వివరణ ఇప్పటికీ ప్రధానంగా నిలిచి ఉంది. ఆకు దగ్గర చాలనీ నాళాల్లోకి చక్కెర ఎక్కుతుంది, పక్కనున్న దారువునుంచి నీరు ద్రవాభిసరణ వల్ల లోపలికి వస్తుంది, పీడనం పెరుగుతుంది. వేరు, కాయ, చిగురు వంటి చోట్ల చక్కెర దిగుతుంది, నీరు బయటికి పోతుంది, పీడనం తగ్గుతుంది. ఈ తేడాయే రసాన్ని గంటకు అర మీటరునుంచి మీటరు వేగంతో నడిపిస్తుంది. లోపలి పీడనం 10 వాతావరణాల దాకా ఉంటుంది, కారు టైరులో గాలికి నాలుగైదు రెట్లు. కాబట్టి ఒకే కాండంలో పక్కపక్కనే ఒక గొట్టంలో నీరు సాగి ఉంటుంది, మరొక గొట్టంలో బిగిసి ఉంటుంది.

దీనికి సాక్ష్యం పేనుబంక. అది సూదివంటి నోటిని సరిగ్గా ఒక్క చాలనీ నాళంలో దించుతుంది. 1953లో కెనడీ, మిట్లర్ అనే పరిశోధకులు ఆ పురుగు నోటి గొట్టాన్ని కోసేసి పురుగును తీసివేసినా, ఆ గొట్టం చివరనుంచి రసం దానంతటదే కారుతూ ఉందని చూపించారు.

నల్లరేగడి
అందుకే పేనుబంక పట్టిన చిక్కుడు కింద ఆకులన్నీ జిగురుగా ఉంటాయి, చీమలు బారులు కడతాయి. మామిడి పూతమీద తేనెమంచు పురుగు పడినప్పుడు కూడా ఇదే తంతు, ఆ జిగురుమీద మసి తెగులు వచ్చి ఆకులు నల్లబడతాయి.

పంతులమ్మ_బోటనీ
అవును. రసంలో చక్కెర చాలా, మాంసకృత్తులకు కావలసిన నత్రజని కొద్దిగానే ఉంటాయి. తనకు కావలసిన నత్రజని కోసం పురుగు అవసరానికి మించి రసం తీసుకుని, మిగిలిన చక్కెరను వెనుకనుంచి వదిలేస్తుంది.

పెరటిమామిడి
మీరందరూ చెప్పినది చదివాక నీరు ఎక్కువ పోయడం, యూరియా వేయడం వల్ల లాభం లేదని అర్థమైంది. గాయానికి పేడ, మట్టి కలిపి పూయమని మా పిన్నిగారు అంటున్నారు. అది పనిచేస్తుందా? అసలు చేయగలిగింది ఏమైనా ఉందా?

అంటుకత్తి
మేకలు కొరికిన గంటలోనే తడి ఆరకముందు పాలిథీన్ చుట్టి ఉంటే, కర్రమీద మిగిలిన విభాజ్య పొరనుంచి కొత్త బెరడు పుట్టే అవకాశం కొంత ఉండేది. నెల దాటి ఎండిన కర్రకు పేడ పూసినా మట్టి పూసినా బెరడు రాదు. కర్ర కుళ్లకుండా బోర్డో పేస్టు పూయండి, అది తప్పనిసరి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీరు అన్న నిష్పత్తిలో మీకు కావలసినంత కలుపుకోండి. గాయం అంచుల్లోని పచ్చి బెరడుకు మాత్రం తగలనీయకండి.

అసలు మార్గం గాయం మీదుగా కొత్త బెరడు దారి వేయడం. చలిదేశాల ఆపిల్ తోటల్లో ఎలుకలు, కుందేళ్లు మాను చుట్టూ బెరడు కొరికినప్పుడు బ్రిడ్జ్ గ్రాఫ్టింగ్ చేస్తారు. పెన్సిలు లావు పుల్లలు తీసుకుని, రెండు చివరలా వాలుగా కోసి, గాయం కింది పచ్చి బెరడులో ఒక చివర, పై బెరడులో ఒక చివర దూర్చి మేకుతో బిగించి మైనం పూస్తారు. పుల్ల పైకి పెరిగిన దిక్కే పైకి ఉండాలి, తలకిందులైతే నిలవదు. పుల్ల కొద్దిగా విల్లులా వంగి ఉండాలి, గాలికి మాను ఊగినా ఊడదు. మీకు మాత్రం ఇంకా తేలిక. గాయం కింద వచ్చిన ఆ రెండు చిగుళ్లు మామూలుగా అయితే గిల్లేయవలసిన నాటు చిగుళ్లు. ఇప్పుడు వాటిని దేవుడిచ్చినవిగా కాపాడండి. వాటి ఆకులు గాయానికి కిందనే ఉన్నాయి కాబట్టి ఈ రోజునుంచే వేళ్లకు ఆహారం పంపుతాయి. పెన్సిలు లావు అయ్యాక వాటి కొనలను కోసి గాయం పై బెరడులో దూర్చి కట్టేస్తే, వేళ్లున్న వంతెన అవుతుంది. ఈలోపు పుల్లలతో కూడా రెండు మూడు వంతెనలు కట్టించండి, ఆలస్యం చేయవద్దు. ఈ ఏడు పూత వస్తే దులిపేయండి.

వట్టిశ్రోత
ముందు ప్రహరీ కట్టించండి. ఆ చిగుళ్లు మేకలకు మరీ ఇష్టం.

పెరటిమామిడి
గోడ పని మొదలైంది, ఈలోపు ముళ్లకంప కట్టాను. అంటు కట్టే మనిషిని రేపు పిలుస్తున్నాను.

చలిదేశం
నేను కెనడాలో ఉంటాను. ఇంతసేపూ మౌనంగా చదువుతున్నాను, ఒక్క చోట లెక్క కుదరడం లేదు. ఇక్కడ చలికాలం చివర్లో మేపుల్ చెట్లకు తొలుపుతో రంధ్రం చేసి గొట్టం బిగించి తీపి రసం పడతారు. ఆ రంధ్రం బెరడు దాటి కర్రలోకి దిగుతుంది. పంతులమ్మ గారి మాట ప్రకారం కర్రలో నీరే కదా ఉండాలి? పైగా అప్పటికి చెట్టుమీద ఒక్క ఆకు కూడా ఉండదు, లాగేవారు ఎవరు?

పంతులమ్మ_బోటనీ
కర్రలో నీరు, బెరడులో చక్కెర అన్నది ఎదిగిన ఆకులున్న రోజులకు సరిపోయే మాట. మేపుల్ వేసవిలో చేసిన చక్కెరను కర్రలోని జీవకణాల్లో పిండిగా దాచుకుంటుంది. చలి తగ్గేటప్పుడు దానిని మళ్లీ చక్కెరగా మార్చి దారువులోకి వదులుతుంది, ఎందుకంటే రాబోయే చిగుళ్లకు ఆహారం చేయడానికి ఆకులు ఇంకా లేవు. నడిపించేది బాష్పోత్సేకం, అంటే ఆకులనుంచి నీరు ఆవిరి కావడం, కాదు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో కర్ర నారల్లోని వాయువు కుదించుకుని, మళ్లీ వ్యాకోచించి పీడనం కలిగిస్తుంది. అందుకే రాత్రి గడ్డకట్టని రోజుల్లో మీ దగ్గర ధార పడిపోతుంది. ఆ రసంలో చక్కెర 2 శాతం దగ్గరే ఉంటుంది.

చలిదేశం
నిజమే, 40 లీటర్లు కాస్తే ఒక లీటరు పాకం వస్తుందని ఇక్కడివారు చెబుతారు.

మోకుముస్తాదు
2 శాతానికి అంత కట్టెలా? మా నీరాకు ఆ కష్టం లేదు, లొట్టిలోపల సున్నం పూయకపోతే ఎండ ఎక్కేసరికి పులిసి కల్లవుతుందన్నదే మా బాధ. మీ దగ్గర పులవదా?

చలిదేశం
చలిలో పులవదు. రోజులు వేడెక్కాక చెడుతుంది, అప్పటికి చిగుళ్లు విచ్చి రుచి కూడా మారిపోతుంది కాబట్టి గొట్టాలు పీకేస్తారు.